దిగే ధర

డిసెంబరు మొదట్లో సెలవు చీటీ రాసిచ్చి
ఇనారి వదిలి పోయాడు సూర్యుడు.

ఐలీ వంటింటి కిటికీలో
పెరుగు డబ్బాలో మొలిచిన టమాటా
పాలిపోయి, దారమంత సన్నబడి
వీధిదీపం వైపు మెడ చాచింది.

"ఆగు పిన్నీ, ఎల్‌ఈడీలు ఏటేటా చవకే.
వసంతానికి సగం ధరకొస్తాయి" అంటాడు వేయ్‌కో.

వసంతానికి సూర్యుడే ఊరికే వస్తాడు కదరా
అని ఆమె అనలేదు.
పోయినేడూ ఆగింది.
ధర దిగింది, నిజమే, ఆరు యూరోలు.
మొక్కా దిగింది, మట్టిలోకి.

ఈ రాత్రి, లేదా పగలు, ఏదో ఒకటి,
ఫ్రిజ్ తలుపు తెరిచింది, పాల కోసం కాదు.
ఆ వెలుగుకెదురుగా డబ్బా పట్టుకుని
వేళ్లు కొంకర్లు పోయేదాకా నిలబడింది.

తర్వాత కళ్లజోడు వెతుక్కుంది,
కార్డు మీది అంకెలు చదవడానికి.