శేషం

ములుగు రోడ్డు మీద, వడ్ల మిల్లు పక్కన రేకుల షెడ్డు.
యాకూబలీ ఉస్తాద్ చేతికింద చేరిన్నాడు
నా కాయితంల లెక్కలకు పదకొండు మార్కులు.
"భాగారం వస్తదా?" అన్నడు.
రాదన్న.
"అయితే పానాలు కడుగు."

ఆ ఎండకాలమే
తాడ్వాయి నుంచి రాజలింగు జీపొచ్చింది.
తునికాకు కల్లాల నడుమ తిరిగే బండి.
పెట్రోలుకు పైసలు పెట్టలేక
ఓ పాత వ్యాను డీజిలింజను ఎక్కించిండు దానికి.
గుండె మారింది, కాళ్ళు అవే.
"యాభై దాటనియ్యది ఉస్తాద్, ఒకటే అరుపు.
ఫస్టు గేరు ఏసినట్టే ఉండదు, అయిపోతది."

ఉస్తాద్ స్క్రూడ్రైవరు మొనను గేరుబాక్సుకు ఆనించి
పిడిని చెవికి పెట్టుకుని
శానసేపు విన్నడు,
గోడ అవతల మొగడు పెళ్ళాల కొట్లాట విన్నట్టు.

"ఇంజను తప్పు లేదు. గేర్ల తప్పు గూడ లేదు.
ఇద్దరికి మాట కలుస్తలేదు.
పెట్రోలుది ఉరుకుడు గుణం,
నిమిషానికి నాలుగువేల చుట్లు తిరిగితే గాని
దానికి పానం లేవదు. దానికి పొట్టి మెట్లియ్యాలె.
డీజిలు పదిహేనువందల కాడ్నే బలమంత చూపిస్తది,
మూడువేలు దాటినంక ఆయాసం.
దానికి పొడుగు అంగ కావాలె.
ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలెత్తే హమాలీని
తాడాట ఆడుమంటున్నవ్ రా నువ్వు."

వెనక ఇరుసు విప్పినం.
గంధకం కలిసిన నల్లనూనె వాసన,
మూడు దినాలు నా అన్నంల గూడ అదే.
"క్రౌను పళ్ళు లెక్కవెట్టు" అని సుద్దముక్క ఇచ్చిండు.
ఒక పంటికి గీత గీసి
మళ్ళ ఆడికొచ్చేదాక తిప్పిన: నలభై మూడు.
పినియనుకు ఎనిమిది.
షట్టరు మీద భాగించిన.
ఎనిమిదైదుల నలభై. మూడు మిగిలింది.
అలవాటుగ చెయ్యి చాపిన.
మా బళ్ళె శేషం మిగిలితే బెత్తం దెబ్బ.

ఉస్తాద్ నా అరచెయ్యి దిక్కు చూసి
అండ్ల ఇంకో సుద్దముక్క పెట్టిండు.
"మిగలాలెరా.
సాఫుగ భాగం పోయిందనుకో
ఈ పన్ను ఎప్పుడూ ఆ పన్నునే కొరుకుతది,
ఒక్క గంటు పడితే ఆ రెండే అరుగుతయ్.
శేషముంటేనే
ప్రతి పన్నూ ప్రతి పన్నునూ పలకరిస్తది."

కాజీపేట పాతసామాన్ల గుట్టల్ల రెండు దినాలు దేవి
నలభై ఒకటికి తొమ్మిది పట్టుకొచ్చినం.
తొమ్మిది నాలుగుల ముప్పయ్యారు. అయిదు.
ఈసారి చెయ్యి జేబుల్నే ఉన్నది.

రాజలింగు ఆరెపల్లి దాక కొట్టుకొచ్చిండు.
డెబ్బై మీద గూడ గొణుక్కుంట పోతున్నదట.
"బరువుతోటి గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం
ఫస్టుల కొంచెం మూలుగుతది, తిట్టకు.
ఒకకాడ ఇస్తే ఒకకాడ గుంజుకుంటది.
రెండూ ఇచ్చే పళ్ళు ఇంక పుట్టలే."

ఉస్తాద్ పోయి ఏడేండ్లు.
షట్టరు మార్చిన్నాడు ఆ భాగారం గూడ తుక్కుల పోయింది.

నిన్న ఓ బ్యాటరీ ఆటో వచ్చింది, కింద కిరకిర.
ఉస్తాద్ మనుమడు తౌఫీక్ మూత తీసి
"గేర్లేయి మామా?" అన్నడు.
లేవు.
ఆ మోటరు నిలబడ్డకాడ్నే బలమంత ఇస్తది,
ఎత్తుకైనా పల్లానికైనా
అవే పళ్ళు. ఉరుకుడుగాడూ కాదు, హమాలీ కాదు.
దాన్ని ఏమని పిలవాలో ఉస్తాద్ ఉంటే చెప్పెటోడు.

తౌఫీక్ మూత బిగియ్యబోయిండు.
ఆగుమన్న.
జేబుల సుద్దముక్క తీసి
ఒక పంటికి గీత గీసిన.