జూన్ ఒకటి

రాజోలు హైస్కూలు గ్రౌండులో
ఈసారి కొత్త నైలాన్ నెట్టు కట్టారు.
సున్నం గీతలు నేనే వేశాను, మోకాలు సలుపుతుంటే,
వంకర పోయిన చోట చెప్పుతో చెరిపి మళ్లీ.
జూనియర్ క్లబ్బుల వాలీబాల్, జోన్ ఫైనలు.
నల్లబోర్డూ సుద్దముక్కా నా వంతు.
రిటైరైన మాస్టారికి ఇంకేం పని ఇస్తారు?

పాశర్లలంక జట్టు పంటు దిగి
ఇసుకలో నడిచొచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని.
జెర్సీలు ఎరువుల కొట్టువాళ్లు కుట్టించారు,
వీపు మీద నంబరు కన్నా యూరియా పేరే పెద్దది.
ఏలియా, సత్తిపండు, కవలలిద్దరు, లీడరు బుల్లబ్బాయి.
అందరికన్నా పొడుగు మోషే.
వాడు ఎగిరితే నెట్టు అవతలివాళ్లు
బంతిని కాదు, వాడి మోచేతిని చూస్తారు.

టేబుల్ దగ్గర కాగితాలు చూశారు.
ఆ ఏడు జూలై ఒకటి తర్వాత పుట్టినవాళ్లే ఆడాలి.
మోషేది జూన్ ఒకటి.
నెల ఎక్కువ. అంతే.
కాగితం నా వైపు తిప్పారు: "మాస్టారూ, ఈ రాత మీదేనా?"
నాదే.
నకారప్పొల్లుని అలా గాలికెగరేసేది నేనొక్కణ్ణే.

ఆ ఏడాది ఒకటో తరగతిలో ముప్పై నలుగుర్ని చేర్చుకున్నాను.
పుట్టినరోజు అడిగితే ఒక తల్లి తాటిపళ్ల కాలమంది,
ఒక తండ్రి గేదె ఈనిన వారమన్నాడు.
పొద్దు వాలుతోంది, రేవులో ఆఖరి పడవ,
అందరికీ జూన్ ఒకటి వేసేశాను.
ఊరి పిల్లలంతా ఒకే రోజు పుట్టారు
నా బాల్‌పెన్నులోంచి.

మోషే తల్లి కరుణమ్మ
నీళ్ల క్యాను పక్కన గొంతుక్కూర్చుంది. అరవలేదు.
"వరదలో కన్నానండి వీణ్ణి, ఆగస్టు నెలలో,
ఏటిగట్టు మీద, టార్పాలిను కింద.
మీరూ అక్కడే ఉన్నారు కదండి.
లాంతరు పట్టుకున్నది మీరేనండి, అటు తిరిగి."

పట్టుకున్నాను.
గాలికి ఆరకుండా చొక్కా అడ్డం పెట్టాను.
ఏడుపు వినిపించింది, ఎవరో మగపిల్లాడన్నారు,
లాంతరు వాళ్లకిచ్చి
నీళ్లు ఇంకెంత పెరిగాయో
పాతిన కర్ర దగ్గరికి చూడ్డానికెళ్లాను.
అయిదేళ్లకి రిజిస్టరు తెరిచినప్పుడు
ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు.

కమిటీకి చెప్పాను. లాంతరు సంగతీ చెప్పాను.
"ఆయ్, మీ మాట కాదనమండి,
కానీ మీ రాతే కదండి ఇది కూడా."

బంతులు అందించే చిన్నోడు దిగాడు వాడి బదులు.
మోషే గీతకివతల నిలబడి
ప్రతి బంతికీ అందరికన్నా ముందే మోకాళ్లు వంచుతున్నాడు.
ఒక్కసారి ఎగిరాడు కూడా
ఏమీ లేని గాలిలోకి.
మూడో సెట్టు. పదమూడు, పదమూడు.
పదమూడు, పద్నాలుగు.
సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో
పదిహేను వేశాను,
లంక పేరు కింద కాదు.

పంటు మీద చీకటి. ఇంజను దగ్గుతోంది.
పిల్లలు నా పక్కన కూర్చోలేదు,
మరీ దూరంగానూ కూర్చోలేదు.
బంతి ఒళ్లో పెట్టుకుని చాలాసేపటికి మోషే అడిగాడు:
"సీనియర్స్‌కి వయసు పట్టింపు లేదు కదండి?"
లేదన్నాను.
"మరి ఆ ఫారంలో నేనెప్పుడు పుట్టానని రాయమంటారండి?"

ఇసుకమేట దగ్గరపడుతున్నట్టుంది.
సరంగు గెడ దించి
నీళ్లెంతున్నాయో చూస్తున్నాడు.