ప్రతి పేజీ అడుగున

డార్లీన్ హోక్‌స్ట్రా బురద బూట్లు గుమ్మంలోనే విప్పి
సాక్సులతో వచ్చి కూర్చుంది.
మా అలవాటు ఆమెకి ఎవరు చెప్పారో.
తొమ్మిది పేజీలు. అంచుల్లో పసుపు చీటీలు,
నేను ఎక్కడెక్కడ ఒప్పుకోవాలో
వేలెత్తి చూపిస్తూ.

యాంకెనీలో మార్చి నెల. మంచు కరిగి భూమిలోకి దిగుతోంది.
బేస్‌మెంట్‌లో నీళ్లు తోడే పంపు
ఉండుండి గురక పెడుతోంది.
"అది కూడా రాయాలి, తెలిసిన లోపం దాచకూడదు," అంది.
తెలిసినవన్నీనా?
"ఇంటివి మాత్రమే."

ఆరు నెలలు ఈ ఇల్లు అమ్మే హక్కు ఆమె ఒక్కదానిదే.
నేనే వీధిలో ఎవరినో పట్టుకొచ్చి అమ్ముకున్నా
ఐదున్నర శాతం ఆమెకి ఇవ్వాల్సిందే.
ఒక్కరికే కట్టుబడి ఉండటాన్ని
ఇంత వివరంగా రాస్తారని నాకు తెలీదు,
ముగిసే తారీఖుతో సహా.
మా దాంట్లో తారీఖు లేదు.
పంతులు గబగబా చదివాడు, మేం అర్థం అడగలేదు.

బిగించినవన్నీ ఇంటితో పోతాయి,
విడిగా ఉన్నవి నావి.
వంటగట్టు అంచున మర తిప్పి బిగించిన కొబ్బరికోరు చూపించి
ఇదెవరిది అన్నాను.
డార్లీన్ దాని పళ్లు చూసి కొంచెం వెనక్కి జరిగింది.
"ఫొటోలు తీసేలోగా విప్పెయ్యండి."
పదకొండేళ్లుగా కదపని మర. నూనె వెయ్యాలి.

నాలుగో పేజీ. అమ్మేవాళ్ల తరఫునా కొనేవాళ్ల తరఫునా
ఒకే మనిషి మాట్లాడొచ్చా?
నేను చాలాకాలం ఆ పనే చేశాను డార్లీన్,
కమీషన్ లేకుండా.
ఆయన మాట మెత్తగా చేసి అనూహ్యకి,
అనూహ్య మాట సగం కత్తిరించి ఆయనకి.
ఇద్దరూ నన్ను అవతలి పక్షమే అనుకున్నారు.
'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను.
కాగితం కొంచెం చిరిగింది.

ప్రతి పేజీ అడుగున పొడి అక్షరాలు.
ఎచ్. పి.
హైమావతి పేరిచర్ల, ప్రింటర్ కంపెనీలా.
"లాస్ట్ నేమ్‌ని మీ భాషలో ఏమంటారు?"
ఊరికే అడిగింది, పేజీ తిప్పుతూ.
ఇంటిపేరు అన్నాను. ఇంటికి ఉండే పేరు.
"మరి ఇల్లు అమ్మేస్తే?"

అది బిగించిందో విడిగా ఉన్నదో
ఈ తొమ్మిది పేజీల్లో లేదు.

గడువు దాటాక కూడా తొంభై రోజులు,
ఈలోపు లోపలికొచ్చి చూసిపోయినవాళ్లు ఎవరు కొన్నా
బాకీ బాకీయే.
చివరి పేజీలో ఆయన సంతకం ముందే ఉంది,
ఒమాహా నుంచి కంప్యూటర్‌లో పెట్టి పంపినది.
దాని కింద చీమ తలంత అక్షరాల్లో టైము:
రాత్రి రెండూ పద్నాలుగు.

ఆ వేళకి నేనూ మేలుకునే ఉన్నాను,
పంపు ఎంతసేపటికోసారి మోగుతుందో లెక్కపెడుతూ.

"ఏడు నిమిషాలకోసారి," అన్నాను డార్లీన్‌తో.
"రాసుకోండి."