టక్ అన్నాకే

టాంపెరేలో జనవరి. పొద్దున్న ఏడయినా
కిటికీల్లో ఇంకా రాత్రే.
నలభై రెండో నంబరు బస్సు షెడ్డులోకి వచ్చి ఆగింది.
పొట్టకి అంటుకున్న మంచు
పెచ్చులు పెచ్చులుగా కాంక్రీటు మీద రాలుతోంది.
పద్దెనిమిది మీటర్ల పొడుగు, మధ్యలో ముడతల నడుము,
పదిహేడు టన్నులు.
వెనక ఇరుసు దగ్గర మూలుగుతోందని
డ్రైవరు కాగితం మీద రాసిపోయాడు.
మూలుగు అనే రాశాడు. ఇంకే వివరమూ లేదు.

ఆరు స్తంభాలు, పసుపువి, ఒక్కోటీ నాకంటే ఎత్తు.
దొర్లించుకుంటూ తెచ్చి
ఒక్కో చక్రం కిందికీ ఒక్కోదాని ఇనప చేతులు తోశాను.
పనిలో చేరి అప్పటికి పదకొండు రోజులు.
వేలికి ఒకటే దురద, బటను నొక్కాలని.

హిల్కా వచ్చింది.
ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సులు ఎత్తుతున్న మనిషి,
తొందర అన్నది ఆమె ఒంట్లో ఎక్కడా లేదు.
మోకాళ్ళ మీద వంగి
ఒక్కో స్తంభం పాదం చుట్టూ అరచేత్తో తడిమింది
జ్వరం చూసినట్టు.
నాలుగోదాని కింద నుంచి ఒక రాయి తీసింది.
మంచు మీద జారకుండా రోడ్లకి చల్లే కంకర,
బఠాణీ గింజంత.
నా చేతిలో పెట్టి,
"పదిహేడు టన్నులూ దీన్నడిగి నిలబడాలా, ఓస్మో?" అంది.

"లోపల చూశావా?"
"చూశాను."
చూసింది అద్దంలోంచి. అదీ ముందు సగం.

ఆమె ఎక్కింది. బూట్ల చప్పుడు
నడుము దాటి, వెనక సగంలోకి పోయి,
ఆగింది.
చాలాసేపు ఏమీ లేదు.
తరవాత మాటలు, మెల్లగా.
ఆఖరి సీట్లో, తుడిచే కర్ర ఒళ్ళో పెట్టుకుని,
ఇఫ్రా.
రాత్రంతా ఇరవై రెండు బస్సులు కడిగి
ఇరవై మూడోదాంట్లో కూర్చుంది.
"నిద్ర కాదు, కళ్ళు మూసుకున్నానంతే," అంటూ దిగింది
తలగుడ్డ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా.
నేనూ చూడలేదు.

హిల్కా తిట్టలేదు.
తిట్టు పట్టేందుకు నాలో చోటంతా ఖాళీ చేసుకుని నిలబడ్డాను,
అది రాలేదు.
"ఇప్పుడు నొక్కు," అంది.

బెత్తెడు లేచింది. ఆపించింది.
చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం ఎలా కూర్చుందో చూసి,
బస్సు భుజాన్ని చేత్తో తోసి చూసింది.
జానెడు.
ఆరు మోటార్లదీ ఒకటే గొంతు.
ఒకటి వెనకబడితే మిగతా ఐదూ ఆగి
దానికోసం చూస్తాయట.
మా ఇంట్లో ఆరుగురం, ఒక్కనాడూ అలా నడవలేదు.
మూరెడు.
తలుపు మెట్టు నా నడుము దాటింది, గడ్డం దాటింది.
నిలువెత్తు.
బస్సు కింద దీపాల వెలుగు పడింది:
ఉప్పు తిన్న ఇనుము, నల్ల గ్రీజు,
ఒక పైపుకి చుట్టుకుపోయిన ఎర్ర ఊలు దారం.

కిందికి దూరబోయాను.
కాలరు పట్టి లాగింది.
"వినబడిందా?"
"ఏమిటి?"
"అదే. వినబడలేదుగా."

బటను తనే నొక్కి
వేలెడు కిందికి దించింది.
టక్. టక్.
టక్ టక్. టక్.
హిల్కా పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.
ఆరోది,
ఆవలింత చివర నోరు మూసినట్టు,
టక్.

నూనె మోస్తుంది. కరెంటు మోస్తుంది.
రెండూ మాటివ్వవు.
పళ్ళ సందులో పడ్డ ఆ ఇనప నాలిక ఒక్కటే
ఇచ్చిన మాట మీద ఉంటుంది.
అప్పుడు కూడా ఆమె నమ్మింది సగమే.
నాలుగు స్టాండ్లు తెప్పించి చట్రం కింద నిలబెట్టించింది.
"ఇక పో."

పోయాను. తల వంచకుండానే పట్టాను.
మొదటి నిమిషం మాత్రం ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.

మూలుగు ఒక బేరింగుది.
దాన్ని ఊడదీయడానికి మధ్యాహ్నం దాటింది.

ఇఫ్రా వెంటనే ఇంటికి పోలేదు.
కాగితం కప్పులో కాఫీ పట్టుకుని
పసుపు గీతకి అవతల నిలబడింది.
తల పైకెత్తి, తను కూర్చున్న చోటు ఎక్కడుంటుందో
వెతుక్కుంటోందనుకున్నాను.
క్షమించమని అడగడానికి దగ్గరికెళ్ళాను.
కాదు. మొహం చిట్లించి
బస్సు పొట్టనే చూస్తోంది.
"ఆరేళ్ళుగా కడుగుతున్నాను దీన్ని," అంది.
"ఇటువైపు ఎవరూ కడగరా?"