పదకొండు రూపాయల బాకీ

చిలకలగూడ గర్ల్స్ హైస్కూల్, టెన్త్ బి సెక్షన్.
కిటికీ పక్క బెంచీ మీద
ఎస్తేరూ నేనూ.
కంపాసు ముల్లుతో చెక్కుకున్న రెండు పేర్ల మధ్య
ప్లస్ పెట్టాలా, ఈక్వల్ టు పెట్టాలా అని
ఒక లెక్కల పీరియడంతా కొట్లాడుకున్నాం.

వాళ్ళ క్రిస్మస్ కేకు మా ఇంటికొస్తే
మా సద్దుల బతుకమ్మ సత్తుపిండి
మెట్టుగూడ రైల్వే క్వార్టర్లకు పోయేది.
అది రిబ్బను కొనిస్తే నేను రీఫిల్ కొనిచ్చేదాన్ని.
ఏ రోజు లెక్క ఆ రోజే.
ఎవరికీ ఎవరూ ఏమీ మిగల్చలేదు.

ఫర్జానాది వెనక బెంచీ.
దానితో నాకు మాటలే తక్కువ.
జూపార్కు పిక్నిక్కు పైసలు కట్టే రోజు
టీచర్ టేబుల్ ముందు దాని పిడికిట్లో చిల్లర తక్కువపడితే
గాజులకని అమ్మ ఇచ్చిన పదకొండు రూపాయలు
ఎందుకిచ్చానో, ఇచ్చాను.
"సోమవారం ఇస్తా" అంది.
ఏ సోమవారమో చెప్పలేదు.

ఆఖరి పరీక్ష సోషల్.
గేటు బయట చెరుకురసం బండి దగ్గర
ఎస్తేరు ఏడ్చింది, దాన్ని చూసి నేను.
బండాయన అడక్కుండానే ఐసు ఎక్కువేశాడు.
"చచ్చేదాకా" అనుకున్నాం.
పదిహేనేళ్ళకు చావు ఎంత దూరమో
ఆ మాట అంత తేలిక.

వాళ్ళ నాన్నకు కాజీపేట బదిలీ అయింది.
మొదటి ఇన్‌లాండు లెటర్లో
గమ్ము రాసే అంచు దాకా అక్షరాలు.
రెండోదాంట్లో కొత్త కాలేజీ, కొత్త పేర్లు.
మూడోది గ్రీటింగు కార్డు, లోపల వట్టి సంతకం.
నాలుగోది నేను రాయాలి.
రాస్తా రాస్తా అనుకుంటుండగానే
మా సందులో పోస్టాఫీసు ఎత్తేశారు.

గొడవంటూ ఏమీ జరగలేదు.
జరిగుంటే
సారీ చెప్పడానికైనా ఎవరో ఒకరం వచ్చేవాళ్ళం.

ఫర్జానా మాత్రం నా పెళ్ళికొచ్చింది, పిలవకుండానే.
"నీ పదకొండు రూపాయలున్నయ్ కదనే నా దగ్గర,
ఎట్ల రాకుంట ఉంటా?"
కవర్లో నూట పదహార్లు పెట్టి చేతికిచ్చింది.
"ఇది వేరు, అది వేరు" అని
మా అత్తగారు వినేటట్టు చెప్పి మరీ.

ఇప్పుడు వారాసిగూడలో మిషన్ కుడుతుంది.
నా జాకెట్లన్నీ దాని చేతివే, కూలి రూపాయి తగ్గించదు.
మా ఆయన గాంధీ ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నప్పుడు
టిఫిన్లో ఖిచిడీ, ఖట్టా తెచ్చి
ఏం మాట్లాడాలో తోచక
తెగిన నా చెప్పుకు పిన్నీసు పెడుతూ కూర్చుంది.
ఒకసారి నేనే అన్నాను,
"ఇంక ఇచ్చెయ్యవే, ముప్పై ఏళ్ళాయె."
మిషన్ ఆపి, నోట్లో దారం తీసింది.
"ఇచ్చేస్తే మల్ల నువ్వు నాకేమైతవ్?"

మొన్న మెట్రోలో తార్నాక పోతున్నాను.
తలుపు పక్కన నిలబడ్డామె గడ్డం కింద మచ్చ.
పరుగుపందెంలో పడ్డ రోజు
ఆ నెత్తురు తుడిచిన రిబ్బను నాదే.
నేను చూశాను. తనూ చూసిందనే అనుకుంటా.
ఇద్దరం ఒకేసారి ఫోన్లు తీశాం.
మెట్టుగూడలో తలుపులు తెరుచుకున్నాయి.
"ఎస్తేరూ" అని రెండు పెదాలూ కదిపేలోపు
మూసుకున్నాయి.
కింద క్వార్టర్లు కనబడే వైపు
తలతిప్పిందో లేదో తెలీదు.

రాత్రి ఫర్జానాకు ఫోన్ చేసి చెప్పాను.
"పిలవకపోతివి?"
"ఏమని పిలవాలె?"
కాసేపు మిషన్ చప్పుడే వినబడింది.
"పిన్నీసుందా అని అడగకపోతివి.
అప్పు తీస్కుంటే అయిపోవు గద."
మళ్ళీ చప్పుడు.
"శుక్రవారం రా, జాకెట్ అయింది.
చేతులు జర టైటుంటయేమో,
లావైనవ్."