పద్నాలుగు బెజ్జాలు

ఊరి పేరు రెయిన్‌బో.
వాన మాత్రం ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తుంది.

ఇల్లు కొన్నప్పుడు కాగితంలో
షెడ్డూ అందులోని సామానూ సహా అని ఉంది.
సామానంటే పారా గడ్డపారా అనుకున్నాం.
టార్పాలిన్ లాగి, తుమ్ములు తగ్గాక చూస్తే
ఒక పికప్ ట్రక్కు,
చక్రాల్లో గాలి లేక
మోకాళ్ల మీద కూచుని ఉంది.

పేరు లేదు.
బానెట్ నుదుటి మీది అక్షరాలు
ఎవరో ఊడబీక్కుపోయారు.
బెజ్జాలు మిగిలాయి. వేలితో తడుముతూ లెక్కపెట్టాను:
పద్నాలుగు.
అక్షరానికి రెండు మేకుల చొప్పున ఏడక్షరాలు.
ఆ రాత్రి డ్యూటీలో, ఆసుపత్రి రిజిస్టరు వెనకపేజీలో
ఏడేసి అక్షరాల పేర్లు రాసుకుంటూ కూచున్నాను,
నెలలు నిండినదానిలా.

ఆదివారం క్లెమ్ హాబెల్ వచ్చాడు.
ఎనభై ఒకటి, చెవుల్లో వెంట్రుకలు, చేతిలో టార్చి.
గుమ్మంలోంచే "బెడ్‌ఫర్డ్" అన్నాడు,
ఎవరి కుర్రాడో నడకను బట్టి పోల్చినట్టు.
తర్వాత వెల్లకిలా కిందికి దూరి
చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
బయటికొచ్చి వేళ్లు మడిచాడు:
ముందు సగమే బెడ్‌ఫర్డ్. వెనక తొట్టి ఆస్టిన్‌ది.
ఎడమ తలుపు ఏదో అమెరికా బండిది.
ఇంజను మాత్రం, చెప్తాను గానీ నవ్వకు,
గోధుమ కోత మిషనులోది.

కోదండ నోరు తెరిచాడు.
ఏమనబోతున్నాడో నాకు తెలుసు,
మనమూ అంతేగా, అక్కడో ముక్క ఇక్కడో ముక్క అని.
కాలు తొక్కాను.
ట్రక్కుని ట్రక్కుగా ఉండనీ.

గోటితో గీకితే తెలుపు కింద పచ్చ,
పచ్చ కింద ఇటుకరంగు.
గ్లవ్ బాక్సులో గొర్రెల చెవి బిళ్లలు నాలుగు,
పళ్లూడిన దువ్వెన,
టైరు కొన్న రసీదు మీద డెస్ కీటింగ్ అని పేరు.

ఇక దీన్నేం చెయ్యాలి?
తుక్కువాడు మూడొందల డాలర్లన్నాడు,
గురువారం లారీతో వస్తానన్నాడు.
హార్షమ్‌లో ఒకాయనకి హెడ్‌లైట్ల చట్రాలు చాలట,
తక్కినది ఊరికే ఇచ్చినా వద్దట.
బాగుచేయిస్తే కొత్త వంటగదంత ఖర్చని
కోదండ లెక్క తేల్చాడు.
క్లెమ్ టోపీ పెట్టుకుంటూ అన్నాడు:
"ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనే.
నలభై ఏళ్లుగా ఇక్కడ జరుగుతున్నది అదే."

థెల్మా కీటింగ్ మా వార్డులోనే ఉంది, ఆరో మంచం.
మాత్రలిస్తూ చెప్పాను, మీ బండి మా షెడ్డులో ఉందని.
ఆవిడ నీళ్లు మింగి,
"ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకుంటోందా?" అంది.
తెలీదన్నాను.
"ఒక్కనాడూ తెరుచుకోలేదు.
డెస్ దిగి, చుట్టూ తిరిగొచ్చి తియ్యాల్సిందే.
బాగుచేస్తా, బాగుచేస్తా అనేవాడు."
తర్వాత గోడవైపు తిరిగింది.
అది కోపమో, ఇంకేమో,
బెజ్జాలు లెక్కపెట్టి చెప్పగలిగేది కాదు.

బుధవారం సాయంత్రం ఎక్కి కూచున్నాను.
కుడి తలుపుకి పాత ఇనప గొర్రు అడ్డం.
ఎడమది గాలికి ధడాలున పడింది.
పిడి తిప్పాను. తిరిగింది.
తిరుగుతూనే ఉంది.

కోదండ పాలకి వెళ్లాడు.
పగిలిన అద్దంలోంచి షెడ్డు గుమ్మం,
గుమ్మంలో సగం సైలో,
దాని మీద గులాబి కాకాతువాల రచ్చ.
సీటు నా వైపే కాస్త కుంగి ఉంది.
ఎన్నిసార్లు ఇక్కడ ఒక మనిషి
ఒళ్లో సంచీ పెట్టుకుని ఆగి ఉంటుంది,
గొర్రెల సంత ముందు, చర్చి ముందు, ఇదే ఆసుపత్రి ముందు.
పోట్లాడుకున్న రోజు కూడా
అతను చుట్టూ తిరిగి రావలసిందే కదా.
రాని రోజు కూడా ఒకటి ఉండే ఉంటుంది.

ఇరవై నిమిషాలకి అడుగుల చప్పుడు.
కోదండ పాలడబ్బా కింద పెట్టి
బానెట్ చుట్టూ తిరిగొచ్చి తలుపు తీశాడు.
ఏమైందన్నాడు.
ఏం లేదన్నాను.

తుక్కువాడికి ఫోన్ చేసి ఈ గురువారం వద్దన్నాను.
వచ్చే గురువారమా అన్నాడు.
చూద్దామన్నాను.
ఆ పిడికి ఏం కావాలని క్లెమ్‌ని అడిగాను.
ఒక స్ప్రింగు, రెండు డాలర్లన్నాడు.
కొన్నాను. కోటు జేబులో ఉంది.
ఇంకా వెయ్యలేదు.