గేటు పడ్డప్పుడు

ధర్మాబాద్‌ల రైలు గేటు పడ్డదంటే
సైకిలు మీదున్నోళ్లందరు ఒక కాలు దించుతరు.
పోశెట్టి దించడు.

ఎడమ పాదం పెడలుకు కట్టి ఉంటది,
పాత ట్యూబు కోసి నేనే చేసిచ్చిన పట్టీ.
చిన్నప్పటి జ్వరం సగం తిని వదిలిన కాలు,
కట్టకపోతే గుంత గుంతకూ జారుతది.
విప్పాలంటే వంగాలె.
వంగితే వెనక పావ్‌ల బుట్ట వంగుతది.

అందుకే సీటు మీంచి లేచి
ముందు చక్రం కొంచెం వంకర తిప్పి
జానెడు ముందుకు తొక్కుతడు.
పట్టాల దిక్కు ఎత్తు గదా,
వెనక్కి దానంతటదే వస్తది.
మళ్లా జానెడు.

మార్కెట్ దిక్కునుంచి మిర్చి ఘాటు.
అందరం తుమ్ముతం.
ఆయన తుమ్ము మాత్రం
ముక్కు కొసన నిలబడి ఉంటది, ఆయన లెక్కనే.

"థాంబ్ రే!" అని గేటాయన అరుస్తడు.
"ఆగే ఉన్న గదా సాబ్."

ఒకసారి భుజమిచ్చిన.
"దీనికి అలవాటు పడితే
గేటు గేటుకూ నువ్వుంటవా?" అన్నడు.

నిన్న గూడ్సు బండి అడ్డంగ నిలిచిపోయింది.
పావుగంట.
ఆయన పిక్క వణుకుడు
బుట్ట మీది గుడ్డదాకా పాకింది.
నేను సిగ్నలు దిక్కు చూసుకుంట
నా సైకిలు మెల్లగ పక్కకు జరిపిన.

కొంచెం సేపటికి
నా క్యారియర్ ఒక దిక్కు బరువెక్కింది.
వెనక్కి తిరగలే.

గేటు లేచింది.
బరువు దిగింది.
ఎవరి దారిన వాళ్లం తొక్కినం,
పావ్‌ల వాసన ముందు, నేను వెనక.